‘పాపము చేసితిని’ అన్న తర్వాత

సంఘ కాపరులకు, పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

మన నోట్లో ఎప్పుడూ నలిగే ఒక మాటతో మొదలుపెడతాను. “తప్పు జరిగిపోయింది.” ఈ మాటలో తప్పు ఉంది, చేసినవాడు లేడు. వాన కురిసింది, గోడ కూలింది, తప్పు జరిగింది. మన తెలుగులో ఈ సదుపాయం ఉంది కాబట్టి ప్రార్థనలోనూ దాన్నే వాడుకుంటాం. “ప్రభువా, నా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు” అంటాం. ఇంకొంచెం భక్తి కలిపితే, “శోధనలో పడిపోయాను, సాతాను పడేశాడు” అంటాం. ఇందులో ఏదీ ఒప్పుకోలు కాదు. ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాను చంపించిన దావీదు రాజు, ప్రవక్త నాతాను ముందు అన్న మాట హెబ్రీలో రెండే ముక్కలు. తెలుగు బైబిలు దాన్ని “నేను పాపము చేసితిని” అని సూటిగా పెట్టింది. ‘చేసితిని’ అనే క్రియ నోట్లోంచి వచ్చేదాకా మిగతా పని ఏదీ మొదలుకాదు.

అయితే ఆ మాట వచ్చినంత మాత్రాన సరిపోదనడానికి దావీదుకు ముందు రాజైన సౌలు సాక్షి. సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో సౌలు కూడా “పాపము చేసితిని” అన్నాడు, అదీ రెండుసార్లు. మొదటిసారి దానికి ఒక కారణం తగిలించాడు: జనానికి భయపడ్డాడట. రెండోసారి ఒక షరతు తగిలించాడు: పెద్దల ఎదుట నా పరువు కాపాడు అన్నాడు. దావీదు కారణమూ చెప్పలేదు, షరతూ పెట్టలేదు. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఒప్పుకుంటున్నప్పుడు ఏడుపును కొలవకండి. ‘కానీ’ అనే మాట ఎన్నిసార్లు వస్తోందో వినండి. కన్నీళ్లు సౌలుకూ వస్తాయి.

దావీదు తనంతట తాను కదలలేదని కూడా గుర్తుంచుకోవాలి. బిడ్డ పుట్టిన తర్వాతే నాతాను వచ్చాడు. అంటే తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు రాజు మౌనంగా ఉన్నాడు. ఆ కాలమంతా ఆరాధన ఆగిందని ఎక్కడా రాయలేదు. పాటలు రాసిన మనిషి, మందసం ముందు నాట్యమాడిన మనిషి, తొమ్మిది నెలలు తనను తాను చూసుకోలేకపోయాడు. ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ నాతాను చెబితే కోపంతో ఊగిపోయాడు, నాలుగింతలు కట్టాలని తీర్పు చెప్పాడు, అది తన కథేనని మాత్రం గుర్తుపట్టలేదు. “ఆ మనుష్యుడవు నీవే” అని చెప్పడానికి ఇంకొక నోరు కావలసి వచ్చింది. “యెహోవా నీ పాపమును పరిహరించెను” అని చెప్పడానికి కూడా అదే నోరు కావలసి వచ్చింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే: పడిపోవడానికి మనిషికి ఎవరూ అక్కర్లేదు. లేవడానికి మాత్రం దేవుడు దాదాపు ప్రతిసారీ ఇంకొక మనిషిని పంపుతాడు. ఆ మనిషి సంఘంలో దొరకకపోతే లోపం ఎక్కడుందో మనం ఆలోచించుకోవాలి.

ఇప్పుడు 51వ కీర్తన తెరవండి. మొదటి రెండు వచనాల్లో పాపానికి మూడు మాటలున్నాయి: అతిక్రమము, దోషము, పాపము. మొదటిది తిరుగుబాటు, రెండోది వంకర, మూడోది గురి తప్పడం. వాటిని తీసేయడానికీ మూడు క్రియలున్నాయి, వాటి దగ్గర కాసేపు ఆగుదాం. “తుడిచివేయుము” అంటే రాతను చెరిపేయడం, పలక మీద తడిగుడ్డ పెట్టినట్టు. “పవిత్రపరచుము” అంటే యాజకుడు చేసే పని. ఏడో వచనంలో వచ్చే హిస్సోపు కొమ్మ లేవీయకాండం 14వ అధ్యాయంలో కుష్ఠు బాగైనవాడి మీద ప్రోక్షించే విధిలో ఉంటుంది. ఆ విధిలో రోగి తనంతట తాను ‘నేను శుద్ధుణ్ణి’ అని ప్రకటించుకోలేడు. యాజకుడే పాళెం బయటికి నడిచివెళ్లి, చూసి, చెప్పాలి.

ఆ రెంటి మధ్య “కడుగుము” అని ఉంది. తెలుగులో ఆ మాట వినగానే చేతులు కడుక్కోవడం, గిన్నె కడగడం మనసులో మెదులుతుంది. హెబ్రీలో ఉన్నది బట్టలుతికే మాట. నీళ్లు చిలకరించే పని కాదది. రేవులో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు నానబెట్టాలి, చవుడు పెట్టాలి, ఉబ్బలో ఉడకాలి, బండ మీద బాదాలి, పిండాలి, మళ్లీ ముంచాలి. ఒక్క ముంచుకు పోయే మురికి కాదు కాబట్టే దావీదు “బాగుగా కడుగుము” అన్నాడు. ఉజ్జీవ సభలో చెయ్యెత్తి, ముందుకొచ్చి, మోకాళ్లూని, మర్నాటికల్లా అంతా అయిపోయిందనుకునే అలవాటు మనకుంది. క్షమాపణ ఆ రాత్రే దొరుకుతుంది, అందులో సందేహం లేదు. ఉతుకుడు మాత్రం నెలలు పడుతుంది. ఈ తేడా చెప్పకుండా పంపించేస్తే, మూడో వారం పాత కోరిక మళ్లీ తలెత్తగానే ఆ మనిషి ‘నాకు రక్షణే రాలేదేమో’ అని కుంగిపోతాడు.

నాలుగో వచనం చాలామందికి దాక్కునే చోటు అయింది. “నీకు కేవలము నీకే విరోధముగా” పాపం చేశాను అని అందులో ఉంది. దాన్ని పట్టుకుని, “నేను దేవునితో సరిచేసుకున్నాను, ఇక మనుషులతో నాకేం పని” అనేవాళ్లున్నారు. భార్యను కొట్టినవాడు, చీటీ డబ్బు మింగినవాడు ఈ వచనం చదివితే ఒళ్లు మండుతుంది. ఆ కీర్తన శీర్షికలోనే బత్షెబ పేరుంది. పద్నాలుగో వచనంలో “రక్తాపరాధము” అని హత్యను హత్యగానే పిలిచాడు. ఊరియా దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగడానికి ఊరియా లేడు. తన మరణశాసనమున్న ఉత్తరాన్ని తన చేతులతోనే మోసుకెళ్లి చచ్చిపోయాడు. దావీదును దేవుడు క్షమించాడు, అయినా గ్రంథం ఊరియా పేరును చెరపలేదు. పరాక్రమశాలుల జాబితాలో ఆఖరి పేరు అతనిదే. మత్తయి రాసిన వంశావళిలో కూడా బత్షెబను ‘ఊరియా భార్యగా ఉండిన ఆమె’ అనే చెప్పారు. క్షమాపణ వచ్చింది కదా అని బాధితుణ్ణి మరిచిపొమ్మని దేవుడే అనలేదు. మనమెవరం అనడానికి?

అయినా తిరిగి చెల్లించడం గురించి ప్రసంగ వేదికల మీద మనం మాట్లాడవలసినంత మాట్లాడటం లేదు. లేవీయకాండం 6, సంఖ్యాకాండం 5 అధ్యాయాల్లో లెక్క స్పష్టంగా ఉంది: అసలు మొత్తం, దాని మీద ఐదో వంతు. ఉదాహరణకు ఒక కోశాధికారి సంఘం డబ్బు 40,000 రూపాయలు వాడుకున్నాడనుకుందాం. ఐదో వంతు 8,000. మొత్తం 48,000. ఇది ఎవరికి కట్టాలి? సొంతదారుకు. అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజే సొంతదారుకు ఇవ్వాలని లేవీయకాండం చెబుతుంది. యేసు ప్రభువు కూడా మత్తయి 5వ అధ్యాయంలో అదే వరుస పెట్టాడు: కానుక బలిపీఠం దగ్గర వదిలి వెళ్లు, ముందు సహోదరునితో సమాధానపడు, ఆ తర్వాత వచ్చి అర్పించు. పొరుగువాడి దగ్గర కాజేసిన డబ్బు చర్చిలో కృతజ్ఞతార్పణగా వేస్తే అది చెల్లింపు కాదు.

ధర్మశాస్త్రంలో ఇంకో సంగతి గమనించండి. దొంగ సొత్తుతో పట్టుబడితే రెండింతలు కట్టాలి. గొర్రెను కోసేసినా, అమ్మేసినా నాలుగింతలు. తన దోషం తెలుసుకొని వచ్చి ఒప్పుకున్నవాడికి మాత్రం ఐదో వంతే అదనం. తనంతట తాను వచ్చేవాడికి దేవుడు దారి సులువు చేశాడు. ఇది తెలిస్తేనే, యేసును చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య ఏం చేశాడో అర్థమవుతుంది. అతన్ని ఎవరూ పట్టుకోలేదు. ఐదో వంతుతో సరిపెట్టుకోవచ్చు. పట్టుబడ్డ దొంగకు వేసే నాలుగింతల లెక్కను తన మీద తానే వేసుకున్నాడు. చెట్టు దిగిన ఆనందంలో లెక్క తప్పలేదు, కావాలనే పెద్ద లెక్క ఎంచుకున్నాడు.

చేతిలో ఒకేసారి అంత డబ్బు లేకపోతే? కాగితం మీద పెట్టండి. 48,000 అంటే నెలకు 4,000 చొప్పున పన్నెండు నెలలు. తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు, ప్రతి నెలా రసీదు. నోటిమాట మీద వదిలేస్తే మూడో నెలలో ఆగిపోతుంది, అప్పుడు మొదటి పాపానికి మాట తప్పడం అనే రెండోది తోడవుతుంది. ఒప్పుకోలు ఎలా ఉండాలో కూడా చెబుతాను. “గత సంవత్సరం మూడుసార్లు పెట్టెలోంచి డబ్బు తీశాను. మొత్తం నలభై వేలు. పుస్తకంలో మైకుసెట్టు మరమ్మతు అని దొంగ లెక్క రాశాను. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.” అంతే. ఏం చేశాడు, ఎన్నిసార్లు, ఎంత, ఎలా దాచాడు. అప్పుల గురించి, ఇంట్లో జబ్బుల గురించి అడిగితేనే చెప్పాలి.

అదెవరి ముందు చెప్పాలి? గాయం ఎంతవరకు వెళ్లిందో ఒప్పుకోలూ అంతవరకే వెళ్లాలి. మనసులోని పాపం దేవునికి, నమ్మకమైన ఒక్కరికి. ఇంట్లో చేసింది ఇంట్లోవాళ్లకు. సంఘం డబ్బైతే సంఘానికి. యాకోబు 5:16 “ఒకనితోనొకడు” అంది గాని మైకు పెట్టమనలేదు. అలాగే విన్నవాళ్లు దాన్ని ‘ప్రార్థన అంశం’ పేరుతో ఊరంతా తిప్పడం నిలువునా ద్రోహం. నిన్న పడిన మనిషిని రేపు సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించడం ఇంకో పొరపాటు. అతని కథకు చప్పట్లు అలవాటు చేస్తే, వేషం వేయడం నేర్పినవాళ్లమవుతాం.

ఒక్క విషయంలో ఈ మెట్లేవీ వర్తించవు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే అది పెద్దల గదిలో తేల్చే వ్యవహారం కాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. దాచితే శిక్ష ఉంది. దోషి పశ్చాత్తాపపడ్డాడన్నది కోర్టుకు వెళ్లకపోవడానికి కారణం కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని “క్షమించి కాపురం చేసుకో అమ్మా” అని మర్నాడే పంపించడం కూడా తగదు. క్షమించడం ఆమె సమయంలో ఆమె చేస్తుంది. ముందు ఆమెకు కావలసింది భద్రత.

గలతీయులకు 6:1లో పౌలు, తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకురమ్మన్నాడు. అక్కడి గ్రీకు క్రియ మత్తయి 4:21లో కూడా ఉంది. జెబెదయి కొడుకులు పడవలో కూర్చుని చేస్తున్న పని అది: వలలు బాగుచేసుకోవడం. ఉప్పాడ తీరంలోనో, నిజాంపట్నం రేవులోనో ఆ పని చూడండి. చిరిగిన చోట సూది పెట్టి లాగి కుట్టేయరు. ముందు వేలాడే పోగులు, సగం తెగిన కన్నులు కోసేస్తారు. గట్టి ముడి దొరికేదాకా కోస్తారు, అంటే చిల్లు మొదటికన్నా పెద్దదవుతుంది. ఆ తర్వాత పాత కన్ను కొలతకే కొత్త కన్నులు అల్లుతారు. చిన్నగా అల్లితే వల ముడుచుకుపోతుంది, పెద్దగా అల్లితే చేప జారిపోతుంది. ఒప్పుకోలు విన్నాక మొదటి నెలల్లో ఇల్లు ఇంకా ఎక్కువ చిరిగినట్టు కనబడుతుంది. దాచిన ఇంకో అప్పు బయటపడుతుంది, ఇంకో అబద్ధం బయటపడుతుంది. భయపడి అక్కడే ఆపితే కుళ్లిన పోగుకు కొత్త దారం ముడివేసినట్టే. సాత్వికమైన మనస్సు అన్నది ఇందుకే: విసురుగా లాగితే బాగున్న కన్ను కూడా తెగుతుంది.

ఈ లోగా ప్రభు బల్ల సంగతి, అంటే సంఘమంతా కలిసి రొట్టె, పాత్ర పంచుకునే సంస్కారం. మన సంఘాల్లో, పాపం చేశాననుకున్న మనిషి నెలల తరబడి రొట్టె ముట్టడు. సంస్కారం వేళకు లేచి బయటికి వెళ్లిపోతాడు. దాన్ని భయభక్తులని మెచ్చుకుంటాం. 1 కొరింథీయులకు 11:28 మళ్లీ చదవండి. తన్ను తాను పరీక్షించుకుని, “ఆలాగుచేసి” ఆ రొట్టెను తినాలని ఉంది. పరీక్ష తినడానికే. ఒప్పుకోనివాణ్ణి ఆపడం వేరు. ఒప్పుకుని చెల్లింపు మొదలుపెట్టినవాణ్ణి ఇంకా ఆకలితో కూర్చోబెట్టడం వేరు. కొరింథులో శిక్ష పొందినవాడి గురించి పౌలే రెండో పత్రికలో రాశాడు: ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అతడు అధిక దుఃఖంలో మునిగిపోతాడేమో అని.

పదవి మాత్రం వేరే ప్రశ్న. ఆ కోశాధికారి రొట్టె తీసుకోవచ్చు, పాడవచ్చు, చీపురు పట్టి మందిరం ఊడ్చవచ్చు. పెట్టె తాళంచెవి అతనికి ఇవ్వనక్కర్లేదు. మొదటి తిమోతి 3వ అధ్యాయం పరిచారకులను ముందు పరీక్షించమంది, అధ్యక్షుడికి బయటివారి దగ్గర మంచి సాక్ష్యం ఉండాలంది. క్షమాపణ కృప వల్ల వస్తుంది, నమ్మకం కాలం వల్ల వస్తుంది. పండ్రెండు రసీదులు పూర్తయ్యాక మాట్లాడుకోవచ్చు.

ఆఖరుగా ఇద్దరు శిష్యుల సంగతి. యేసును అప్పగించిన యూదా కూడా ఒప్పుకున్నాడు. “పాపము చేసితిని” అన్నాడు, నిరపరాధ రక్తాన్ని అప్పగించానని పాపానికి పేరు పెట్టాడు, ముప్పది వెండి నాణెములు తిరిగి ఇచ్చాడు. నేనింతసేపు చెప్పిన వాటిలో చాలావరకు చేశాడు. అతను వెళ్లింది యాజకుల దగ్గరికి, అంటే ధర్మశాస్త్రం ప్రకారం ‘శుద్ధుడవు’ అని చెప్పవలసినవాళ్ల దగ్గరికే. వాళ్లన్నారు: “దానితో మాకేమి? నీవే చూచుకొనుము.” అక్కడినుంచి అతను ఒంటరిగా వెళ్లిపోయాడు.

యేసును ఎరుగనని పేతురు బొంకింది ప్రధానయాజకుడి లోగిట్లో, చలికి వేసిన బొగ్గుల నిప్పు పక్కన. యోహాను అక్కడ వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోటే వస్తుంది, 21వ అధ్యాయంలో. రాత్రంతా వలలు లాగి పేతురు ఒడ్డుకు వచ్చేసరికి యేసు ప్రభువు బొగ్గుల నిప్పు వేసి కూర్చున్నాడు. దాని మీద చేపలు అప్పటికే కాలుతున్నాయి, పక్కన రొట్టె ఉంది. అయినా మీరు పట్టినవాటిలో కొన్ని తెమ్మన్నాడు. భోజనం ముందు పెట్టాడు. వాళ్లు తినేదాకా ఆగి, ఆ తర్వాతే అడిగాడు: “యోహాను కుమారుడవైన సీమోనూ, నీవు నన్ను ప్రేమించుచున్నావా?”