తుపాకీ మూతికి ఇనుప గరాటు: అసలుదా, అతికించినదా?

[తెరపై: పాత సైనిక రైఫిల్ ఫొటో. గొట్టం చివర గరాటు ఆకారంలో ఒక ఇనుప భాగం.]

నమస్కారం. తిరుపతిలో మా వీధిలోనే ఉండే ఒక మిత్రుడు కిందటి నెలలో నాకు ఈ ఫొటో పంపించారు. టెక్సాస్‌లో స్థిరపడిన ఆయన బావమరిది అక్కడ ఒక పాత సైనిక రైఫిల్‌ను కొన్నారు. దాని మూతికి ఉన్న ఈ గరాటు అసలుదా, తర్వాత ఎవరైనా అతికించినదా అన్నది మిత్రుడి మొదటి ప్రశ్న. అలాంటి గరాటు ఒకటి పార్సిల్‌లో తెప్పించుకుని ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. రెండో దానికి జవాబు చట్టంలో ఉంది. మొదటి దానికి జవాబు ఆ ఇనుములోనే ఉంది కనుక ముందు దానినే చూద్దాం.

[తెరపై: లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 మూతి, పక్క నుంచి, తర్వాత ఎదురుగా.]

ఎన్‌సీసీలో డ్రిల్లు చేసినవారికీ, పాత తరం పోలీసులకూ 'త్రీ నాట్ త్రీ'ని, అంటే .303 తూటా వాడే ఈ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను, పరిచయం చేయనక్కరలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు గానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. 1907 నాటి మార్క్ 3 నమూనాను ఎదురుగా చూస్తే గొట్టంలో దాని చివర తప్ప మరేమీ కనిపించదు, ఎందుకంటే చెక్క మూతి దాకా సాగి, దాని చివర 'నోస్ క్యాప్' అనే బరువైన ఉక్కు తొడుగుతో ముగుస్తుంది. ముందు గురిని దెబ్బల నుంచి కాపాడే రెండు చెవులు, మూతి కింద బాయొనెట్ (తుపాకీ మూతికి తగిలించే కత్తి) కడియం ఎక్కే బొడిపె, ఆ వెనుక బాయొనెట్ పిడి జారి బిగుసుకునే పట్టీ, ఇవన్నీ ఆ ఒక్క తొడుగులో భాగాలే.

ఇక్కడ ఒక తెలివైన ఆలోచన ఉంది. ఈ రైఫిల్ బాయొనెట్ అలుగు 17 అంగుళాల పొడవు ఉంటుంది. అంత బరువును నేరుగా గొట్టానికి తగిలించకుండా తొడుగుకు తగిలించి, అక్కడి నుంచి చెక్కకు మళ్లించారు. గుండు వెళ్లేటప్పుడు గొట్టం కంపిస్తుంది. గుడి గంటను మోగించి అంచు మీద వేలు పెడితే నాదం మారిపోయినట్లే, కంపించే గొట్టాన్ని ఏదైనా ఒక పక్కకు నొక్కితే గుండు పడే చోటు మారిపోతుంది. అందుకే తొడుగుకు కొంచెం వెనుక, చెక్క లోపల, చిన్న స్ప్రింగుతో ఒక మేకును అమర్చి, అది గొట్టాన్ని కింది నుంచి సమంగా తాకి ఉండేలా చేశారు. బయటికి కనిపించని ఆ స్ప్రింగు పోయిన రైఫిళ్లు చాలానే ఉంటాయి. కొత్త తొడుగు దొరికిందని సంబరపడేవారు దాని సంగతే మరిచిపోతారు.

[తెరపై: చెక్కను సగానికి కోసిన రైఫిల్.]

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ రైఫిళ్లు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో కారుచౌకగా అమ్ముడుపోయాయి. కొన్న వేటగాళ్లు బరువు తగ్గించుకోవడానికి ముందు చెక్కను కోసేశారు; పట్టుకునే చెక్క లేకపోయాక తొడుగు పనికిరాని ఇనుమై చెత్తబుట్ట చేరింది. ఇప్పుడు వారి మనవలు అదే తొడుగు కోసం వెతుకుతున్నారు. అలా వెతికేవారు మొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, పూర్తి పొడవు చెక్క లేనిదే తొడుగు ఒక్కటే దొరికి ప్రయోజనం లేదు. మార్క్ 3 గొట్టం పొడవు 25.2 అంగుళాలు, వేటగాడు దానిని కూడా కోసి ఉంటే మూతి తొడుగు దాకా రానే రాదు. 'లీ-ఎన్‌ఫీల్డ్ భాగం' అని రాసి అమ్మే ప్రతి వస్తువూ ప్రతి లీ-ఎన్‌ఫీల్డ్‌కూ సరిపోదు. యుద్ధకాలపు నంబర్ 4 రైఫిల్‌లో గొట్టం చెక్కను దాటి బయటికి వస్తుంది, బాయొనెట్ బిగించే పళ్లు గొట్టం మీదనే ఉంటాయి, ఇక దానికి పాత తొడుగుతో పనే లేదు. మన ఇషాపూర్ కర్మాగారం 1960లలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తయారుచేసిన 2ఎ1 మాత్రం మార్క్ 3 వంశానిదే కాబట్టి ఆ తొడుగు రూపాన్నే నిలుపుకుంది.

మూతి భాగం ఎంత అందంగా ఉన్నా, దాని వెనుక ఉన్న గొట్టపు అంచును చూడకుండా డబ్బు పెట్టకూడదని నేను అంటాను. గుండు చివరిగా తాకేది ఆ అంచునే. ఎన్‌సీసీలో పుల్‌త్రూకు, అంటే గొట్టం శుభ్రం చేసే తాడుకు, చిందీ (గుడ్డ పీలిక) కట్టి వెనుక నుంచి ముందుకు లాగడం నేర్పిస్తారు. ఇనుప కడ్డీతో ముందు నుంచి రుద్ది రుద్ది అంచును అరగదీసిన రైఫిల్‌కు ఏ తొడుగూ మందు కాదు.

[తెరపై: నంబర్ 5 రైఫిల్, గరాటు దగ్గరగా.]

ఇక గరాటు విషయం. 1944లో వచ్చిన నంబర్ 5 రైఫిల్‌ను జనం 'జంగిల్ కార్బైన్' అంటారు. అది నంబర్ 4 కంటే దాదాపు 5 అంగుళాలు పొట్టిది. గొట్టం పొట్టిదైనప్పుడు తూటాలోని మందు పూర్తిగా లోపలే కాలదు, మిగిలింది మూతి బయట మంటగా లేస్తుంది. చీకటి అడవిలో ఆ మంట కాల్చేవాడి కళ్లకే చీకట్లు కమ్మిస్తుంది, దానిని తగ్గించడానికే ఈ గరాటు. అసలు నంబర్ 5లో ముందు గురి పీఠమూ, బాయొనెట్ పన్నూ గరాటుతో కలిసిపోయి ఉంటాయి.

ఆ ఆకారం జనానికి ఎంత నచ్చిందంటే, అమెరికాలోని వ్యాపారులు వేరే రైఫిళ్లను పొట్టి చేసి, కొత్తగా పోతపోసిన గరాటులు తగిలించి అదే పేరుతో అమ్మారు. తేడా పట్టుకోవడానికి గరాటును చూస్తూ కూర్చోవడం దండగ. నకలు చేయడానికి అన్నిటికంటే సులువైన భాగం అదే. గొట్టాన్ని పైనుంచి కప్పే చేతి చెక్క తీసి గొట్టం మొదలును చూడాలి. అసలు నంబర్ 5లో బరువు తగ్గించడానికి అక్కడ లోహాన్ని చెక్కి తీసేసిన గుర్తులు ఉంటాయి. ఎడమ పక్క ఇనుము మీద నమూనా పేరు కూడా ఉంటుంది. గరాటును చిన్న మరలతో బిగించి ఉంటే అనుమానించాలి.

[తెరపై: ఆయుధాల చట్టం, 1959.]

రెండో ప్రశ్నకు వద్దాం. మన దేశంలో .303 నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), సాధారణ లైసెన్సు మీద దొరకదు. ఇషాపూర్‌లోనే తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను చూసి కోసిన త్రీ నాట్ త్రీ అనుకునేవారు ఉన్నారు. అది కర్మాగారమే ఆ రూపంలో చేసిన వేరే తూటా తుపాకీ. అయితే మా మిత్రుడు అడిగింది తుపాకీ కాదు, ఒట్టి గరాటు. ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో 'ఫైరార్మ్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించే అమరికలూ, తుపాకీ విడి భాగాలూ కూడా చేరి ఉన్నాయి. అంటే గుప్పెట్లో పట్టే ఈ గరాటు చట్టం దృష్టిలో తుపాకీయే. దానిని విదేశం నుంచి తెప్పించడానికి 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. ఫొటో చూపించి ఊళ్లో ఏదో లేతు షాపులో చేయించుకుందామంటే 5వ సెక్షన్ అడ్డు వస్తుంది. తయారీకీ, మార్పుకూ, మరమ్మతుకూ అక్కడ లైసెన్సు తప్పనిసరి, లేకపోతే చేయించినవారితో పాటు ఆ లేతు పనివాడూ ఇరుక్కుంటాడు. గొట్టం పొట్టి చేయడానికి 6వ సెక్షన్ విడిగా ఉంది. 45వ సెక్షన్‌లో వాడకానికి పనికిరాని పురాతన ఆయుధాలకూ, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకూ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మంట తగ్గించే గరాటు 'చిన్న భాగం' కిందకు వస్తుందో లేదో కస్టమ్స్ బల్ల ముందు నిలబడి వాదించే ఓపిక నాకైతే లేదు.

[తెరపై: మళ్లీ మొదటి ఫొటో, ఈసారి దగ్గరగా.]

మిత్రుడి బావమరిదిని మరో రెండు ఫొటోలు పంపమని అడిగాను. తూటాల పెట్టె అడుగున ఏటవాలు లేకుండా చదరంగా ఉంది, అది 12 తూటాలు పట్టే పెట్టె. వెనుక గురి నంబర్ 5లో ఉన్నట్లు కంటికి దగ్గరగా కాక గొట్టం మీద ఉంది. బట్టు (భుజానికి ఆన్చే వెనుక చెక్క) మొదట్లో, కుడి పక్కన, నూనె మరకల కింద అక్షరాలు కనిపించాయి: ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్), 2ఎ1, 1966. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో పుట్టి, అమెరికాలో మూతి మార్చుకున్న రైఫిల్ అది. గరాటు అతికించినదే. మా మిత్రుడు పార్సిల్ ఆలోచన మానుకుని, ఆ అక్షరాల ఫొటోను పెద్దది చేయించి బీరువాలో పెట్టుకున్నారు.