సాయం పేరుతో వచ్చే అప్పు: ఎవరు తీసుకుంటారు, ఎవరు కడతారు

సభకు నమస్కారం.

చెన్నైలోని ఈ హాలుకు రావడానికి మీలో చాలామంది మెట్రో పనుల రేకుల గోడలు చుట్టి, దారి మళ్లింపులు దాటి వచ్చి ఉంటారు. పానగల్ పార్కు అయినా, మైలాపూరు అయినా అదే తంతు. ఆ రేకుల వెనక జరిగే పనికి జపాన్ సాయం, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) సాయం అని పేపర్లో చదువుతుంటాం. ప్రభుత్వ కాగితాల్లోనూ ఇవి ‘విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టులే’. ఈ సాయం అన్న మాట 1958లో ప్రపంచ బ్యాంకు ‘ఎయిడ్ ఇండియా’ కూటమిని కూడగట్టిన కాలం నాటిది. నాణెం మారినా పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడొచ్చే దాంట్లో ఊరికే ఇచ్చేది పిసరంత. మిగతాదంతా అసలు, వడ్డీ, కిస్తీలు, గడువు తేదీలు ఉన్న అప్పు.

ఇలాంటి అప్పు చవకా, ఖరీదా అన్నది ఒప్పందంలో రాసిన వడ్డీ శాతం చూసి తేల్చలేం. పని ఎంత ఆలస్యమైంది, ఏ దేశపు కరెన్సీలో తీసుకున్నాం, కిస్తీ ఏ జేబులోంచి కడతాం, ఇవి చూస్తేగాని అసలు సంగతి బయటపడదు. ఇవాళ మన మాటంతా దీని గురించే.

ముందు సంతకం ఎవరిదో చూద్దాం. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయగలవు. కాబట్టి విదేశీ సంస్థతో అప్పు ఒప్పందం భారత రాష్ట్రపతి పేరు మీద ఢిల్లీ రాసుకుంటుంది. రాష్ట్రం పక్కన విడిగా ‘ప్రాజెక్టు ఒప్పందం’ మీద సంతకం పెడుతుంది. 2017లో దీనికి ఒక చిన్న సందు తెరిచారు. ఆర్థికంగా నిలదొక్కుకున్న రాష్ట్ర సంస్థలు జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకా లాంటి, ఒక్కో దేశానికి చెందిన ద్వైపాక్షిక సంస్థల నుంచి కేంద్రం పూచీకత్తుతో నేరుగా తీసుకోవచ్చన్నారు. ముంబై సముద్రపు వంతెన ఆ దారిలో నడిచింది. మిగతా చోట్ల మామూలు దారే.

ఢిల్లీకి వచ్చిన డబ్బు రాష్ట్రానికి ఎలా చేరుతుందన్నదాంట్లో 2005 ఒక మలుపు. అంతకుముందు మామూలు రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా ఇచ్చేవారు. అప్పు భాగం రూపాయల్లో ఉండేది, మారకపు రేటు దెబ్బ కేంద్రం భరించేది. వినడానికి బాగుంది కదా. కానీ ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐడీఏ 0.75 శాతం సేవా రుసుముతో, 35 ఏళ్ల పైబడిన గడువుతో ఇచ్చిన డబ్బు మీద కేంద్రం రాష్ట్రాల దగ్గర ఒక దశలో రెండంకెల వడ్డీ వసూలు చేసింది. రాష్ట్రాలు గోల పెట్టాయి. 12వ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు 2005 ఏప్రిల్ నుంచి పద్ధతి మార్చారు. అప్పిచ్చినవాడి షరతులు ఏవో యథాతథంగా రాష్ట్రానికి అవే. వడ్డీ తగ్గింది, 30 శాతం గ్రాంటు పోయింది, రూపాయి పడిపోతే నష్టం రాష్ట్రం నెత్తికొచ్చింది. మనవాళ్లు వడ్డీ తగ్గినందుకు సంబరపడినంతగా ఈ మూడో సంగతి గురించి మాట్లాడలేదు.

ఇప్పుడు డబ్బు ఎలా దిగుతుందో చూద్దాం. అప్పు మంజూరైన రోజున పైసా రాదు. చాలా ప్రాజెక్టుల్లో రాష్ట్రం ముందు తన బడ్జెట్‌లోంచి ఖర్చు పెట్టాలి. కాంట్రాక్టరు జరిగిన పని మేరకు రన్నింగ్ బిల్లు పెడతాడు, ఇంజనీరు కొలతల పుస్తకంలో కొలతలు ఎక్కిస్తాడు, బిల్లు పాసై చెల్లింపు జరుగుతుంది. ఆ చెల్లింపులన్నీ కాంట్రాక్టు నంబరు, తేదీ, మొత్తం, ఏ పద్దు అన్న వివరాలతో పట్టికగా కట్టి ఢిల్లీలోని కంట్రోలర్ ఆఫ్ ఎయిడ్ అకౌంట్స్ కార్యాలయానికి పంపుతారు. వాళ్లు సరిచూసి అప్పిచ్చిన సంస్థకు క్లెయిమ్ పెడతారు. డాలర్లో యెన్‌లో భారత ప్రభుత్వ ఖాతాలో జమవుతాయి. దానికి సరిపడా రూపాయలు రాష్ట్ర బడ్జెట్‌కు వస్తాయి. జమైన రోజు మారకపు రేటు ఎంతో అప్పు ఖాతాలో రాసుకుంటారు. నాలుగైదేళ్ల ప్రాజెక్టులో ఇలాంటి జమలు డజన్ల కొద్దీ ఉంటాయి. అందుకే ‘ఈ అప్పు ఏ రేటుకు తీసుకున్నారు’ అని ఎవరైనా అడిగితే ఒక్క అంకెతో జవాబు ఉండదు.

క్లెయిమ్ తిరిగొచ్చే సందర్భాలు దాదాపు ఎప్పుడూ ఒకటే రకం. జైకా అప్పులో భూసేకరణ ఖర్చు, పన్నులు, ఆఫీసు నిర్వహణ ఖర్చు చెల్లవు. అవి రాష్ట్రమో, సంస్థో సొంతంగా పెట్టుకోవాలి. బిల్లులోంచి జీఎస్టీ విడదీయకుండా పంపితే వెనక్కి వస్తుంది. కాంట్రాక్టు విలువను పరిమితి దాటి పెంచేటప్పుడు ముందుగా అవతలి సంస్థ ‘అభ్యంతరం లేదు’ అనే ఉత్తరం ఇవ్వాలి. అది రాకముందే పని చేయించేస్తే ఆ అదనపు భాగం పోయినట్టే. టెండరు నిబంధనల్లో తేడా జరిగిందని తేలితే ఆ కాంట్రాక్టు మేరకు అప్పునే రద్దు చేస్తారు. కాంట్రాక్టరుతో ఒప్పందం మాత్రం రద్దు కాదు సుమా! అతనికి ఇవ్వాల్సింది రాష్ట్రమే ఇచ్చుకోవాలి.

అందరూ మరిచిపోయే పద్దు ఇంకొకటుంది. ప్రతి బిల్లులో 5 శాతమో 10 శాతమో నిలుపుదల సొమ్ముగా పట్టుకుంటాం. పని పూర్తయ్యాక ఏడాదో, రెండేళ్లో లోపాలు చూసే గడువు ముగిసినప్పుడే దాన్ని వదులుతాం. అప్పటికి అప్పు ముగింపు తేదీ, అంటే ఆ సొమ్ము వాడుకోవడానికి ఇచ్చిన గడువు, దాటిపోయి ఉంటుంది. ఆ తేదీ తర్వాత క్లెయిమ్ కాగితాలు పంపడానికి సాధారణంగా 4 నెలలు ఇస్తారు. కానీ ఖర్చు మాత్రం ఆ తేదీకి ముందు జరిగినదై ఉండాలి. 800 కోట్ల సివిల్ పనుల్లో 5 శాతం అంటే 40 కోట్లు, ఏ విదేశీ డబ్బూ లేకుండా సొంత ఖజానా నుంచి కట్టాలి. కాంట్రాక్టరు దగ్గర బ్యాంకు గ్యారంటీ తీసుకుని నిలుపుదల సొమ్మును ముందే విడుదల చేసే నిబంధన టెండరు పత్రంలో ఉంటే ఈ బాధ తప్పుతుంది. టెండరు రాసే రోజునే గుర్తుండాలి గాని, చివర్లో తట్టినా లాభం లేదు.

ఇక ఆలస్యం ఖరీదు. మంజూరై కూడా వాడుకోని సొమ్ము మీద కమిట్‌మెంట్ ఛార్జీ పడుతుంది. ప్రపంచ బ్యాంకులో మామూలు వడ్డీకి అప్పిచ్చే విభాగం ఐబీఆర్‌డీ అప్పులకు ఏడాదికి 0.25 శాతం, ఏడీబీకి 0.15 శాతం అన్నది మామూలు లెక్క. చాలా ఒప్పందాల్లో సంతకమైన 60 రోజులకు మీటరు తిరగడం మొదలవుతుంది. 30 కోట్ల డాలర్లు వాడకుండా ఏడాది ఉంచితే 0.25 శాతం చొప్పున 7.5 లక్షల డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 6 కోట్ల 37 లక్షలు. ఏమీ కట్టకుండా, ఏమీ తవ్వకుండా! భూమి చేతికి రాకముందే అప్పు మీద సంతకం పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. నిజానికి ఈ ఛార్జీ చిన్నదే. పెద్ద దెబ్బ ఇంకోటుంది. మారటోరియం, అంటే అసలు కట్టడం మొదలయ్యేదాకా ఇచ్చే వెసులుబాటు కాలం, ఒప్పందంలోని తేదీల ప్రకారం నడుస్తుంది. పని ఆలస్యమైనా మొదటి కిస్తీ తేదీ జరగదు. టికెట్ల ఆదాయం మొదలు కాకముందే అసలు కట్టడం మొదలవుతుంది.

మారటోరియం గురించి ఒక పొరపాటు భావన ఉంది. ఆ అయిదేళ్లో పదేళ్లో ఏమీ కట్టక్కర్లేదనుకుంటారు. వాయిదా పడేది అసలు ఒక్కటే. వడ్డీ మొదటి సొమ్ము దిగినప్పటి నుంచీ ఆరు నెలలకోసారి కట్టాల్సిందే. కొన్ని ప్రాజెక్టుల్లో నిర్మాణ కాలపు వడ్డీని కూడా అప్పులోనే కలిపేస్తారు. అప్పుడు కట్టనట్టే ఉంటుంది, అసలు మాత్రం పెరుగుతుంది.

మారకపు రేటు దగ్గర కాస్త ఆగుదాం, అసలు కథ ఇక్కడే ఉంది. 10 కోట్ల డాలర్ల అప్పు, 20 ఏళ్ల గడువు, అందులో 5 ఏళ్ల మారటోరియం అనుకోండి. మిగిలిన 15 ఏళ్లలో 30 కిస్తీలు, ఒక్కోటి 33.33 లక్షల డాలర్లు. డాలరు 70 రూపాయలున్నప్పుడు కిస్తీ 23 కోట్ల 33 లక్షలు, 85 అయినప్పుడు 28 కోట్ల 33 లక్షలు. కిస్తీకి 5 కోట్లు తేడా. దీనికి తోడు డాలరు వడ్డీ స్థిరంగా ఉండదు. ఒకప్పుడు లైబార్, ఇప్పుడు సోఫర్ అనే ప్రామాణిక మార్కెట్ వడ్డీ రేటు మీద ఆధారపడి కదులుతుంది. 2021లో ఆ రేటు సున్నాకు ఆనుకుని ఉంది. 2023 చివరికి 5.3 శాతం. పైన బ్యాంకు తన వాటా అర శాతం వేసుకుందనుకుంటే 5.8. రూపాయి ఏడాదికి 3 శాతం చొప్పున జారిందనుకుంటే మొత్తం ఖరీదు 9 శాతం దగ్గరికి వస్తుంది. అదే రోజుల్లో రాష్ట్రాలు మన మార్కెట్లోనే బాండ్లు అమ్మి ఎనిమిది శాతం లోపే అప్పు తెచ్చుకున్నాయి. ఏ ఏడాదిలోనైనా డాలరు అప్పు చవకే అని గుడ్డిగా అనేవాళ్లకు ఈ గుణకారం ఒకసారి చేసి చూపించాలి.

యెన్ కథ వేరు. చెన్నై మెట్రో మొదటి దశకు 2008 నవంబరులో తొలి జపాన్ అప్పు ఒప్పందం కుదిరింది, 2,175 కోట్ల యెన్‌లు. 14,600 కోట్ల రూపాయల తొలి అంచనాలో జపాన్ వాటా సుమారు 59 శాతం. అప్పట్లో 100 యెన్‌లంటే 50 రూపాయల పైచిలుకు. 2012లో 65 దాటింది, 2020లో 70 దాకా పోయింది, 2024 మధ్యలో మళ్లీ 52 దగ్గరికి దిగింది. అంటే 2012లో దించుకున్న యెన్‌కు ఎక్కువ రూపాయలు వచ్చాయి, దాన్ని 2024లో తీర్చినవాడికి లాభమే. 2008 నాటి రేటుకు దించుకుని 2020లో తీర్చినవాడు నూటికి ముప్పై పైగా నష్టపోయాడు. అదృష్టం మీద బొక్కసం నడపకూడదు కాబట్టి, ఇలాంటి కిస్తీలకు రెండు రేట్లతో బడ్జెట్ వేసుకోవాలి: ఇవాళ్టి రేటుతో ఒకటి, 20 శాతం ఎక్కువ రేటుతో ఒకటి. అమరావతి కోసం 2024 డిసెంబరులో ఏడీబీ ఇచ్చిన అప్పు కూడా యెన్‌లలోనే, 12,197 కోట్ల యెన్‌లు. పేపర్లు దాన్ని డాలర్లలోకి మార్చి రాశాయి. కిస్తీ మాత్రం యెన్‌లో కట్టాలి.

చివరగా జేబు సంగతి. కిస్తీ కట్టే జేబులు మూడు రకాలూ ఈ ఊళ్లోనే కనిపిస్తాయి. కొసస్తలైయార్ పరీవాహకంలో వాన నీటి కాలువలకు ఏడీబీ 25.1 కోట్ల డాలర్లు ఇచ్చింది. కాలువకు టికెట్ ఉండదు. కిస్తీ పన్నుల్లోంచే రావాలి. పేరూరు దగ్గర రోజుకు 40 కోట్ల లీటర్ల ఉప్పునీటి శుద్ధి కర్మాగారానికి జైకా 2018లో 3,000 కోట్ల యెన్‌ల ఒప్పందం చేసుకుంది. నీటికి బిల్లు ఉంది, కానీ ఆ బిల్లుతో కరెంటు ఖర్చు, కిస్తీ రెండూ తేలడం కష్టం. మెట్రోకు టికెట్ ఉంది. రెండో దశ 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్ల రూపాయలు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించేదాకా ఇది రాష్ట్ర ప్రాజెక్టుగా నడిచింది. ఆమోదం తర్వాత 33,593 కోట్ల అప్పు మొత్తం కేంద్రం తీసుకుని మెట్రో సంస్థకు ఇస్తుంది. తీర్చే బాధ్యత సంస్థది. కనీసం 5 ఏళ్ల మారటోరియం తర్వాత మొదలవుతుంది. సంస్థ కట్టలేకపోతే రాష్ట్రం ఆదుకోవాలి. అప్పు చేసిన చెయ్యి మారింది గాని, చివరి జేబు మారలేదని గమనించండి.

దీనికి పూర్తిగా ఎదురు నమూనా కూడా తమిళనాడులోనే ఉంది. 2002లో 13 చిన్న మునిసిపాలిటీలు కలిసి నీటి, మురుగునీటి పనుల అప్పుల కోసం 30.41 కోట్ల బాండు తెచ్చాయి. 15 ఏళ్లు, 9.20 శాతం. అమెరికా సాయ సంస్థ ఒక్క డాలరు అప్పివ్వలేదు, అసలులో సగానికి పూచీ పడిందంతే. అప్పు రూపాయల్లోనే కాబట్టి మారకపు రేటు గొడవే లేదు. తీర్చే ఏర్పాటు చూడండి. ప్రతి మునిసిపాలిటీ ఏడాది కిస్తీని 9 భాగాలు చేసి నెలనెలా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ అప్పు తీర్చడానికే విడిగా పెట్టిన ఖాతాలో, వేయాలి. తొమ్మిదో నెలకే ఏడాది సొమ్ము సిద్ధం. తక్కువ పడితే 6.9 కోట్ల నిల్వ నిధిలోంచి తీస్తారు. ఆ నిధిని నింపడానికి, ఆ మునిసిపాలిటీకి రాష్ట్రం నుంచి రావలసిన వాటాలో కోత పెడతారు. అన్నీ విఫలమైతే అప్పుడు అమెరికా పూచీ. కట్టేవాడు ఎవరో, ఏ నెలలో కడతాడో, ఎగ్గొడితే ఎవరి ముద్ద తగ్గుతుందో బాండు అమ్మకముందే కాగితం మీద ఉంది.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ప్రపంచ బ్యాంకు, ఏడీబీ అప్పు ఒప్పందాలు వాళ్ల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. ముందు పేజీల్లోని ఆశయాలు వదిలేసి వెనక ఉన్న షెడ్యూళ్లకు వెళ్లండి. కరెన్సీ ఏది, మొదటి అసలు కిస్తీ తేదీ ఏది, ముగింపు తేదీ ఏది, ఏ పద్దుకు ఎంత శాతం ఇస్తారు, ఇవి నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని, పక్కన ప్రాజెక్టు నుంచి ఆదాయం మొదలయ్యే తేదీ వేయండి. కిస్తీ తేదీ ముందుంటే, ఆ మధ్య కాలానికి డబ్బు ఎక్కణ్నుంచో ఆ ప్రభుత్వాన్ని అడగండి. ఇక మీ ప్రశ్నలు.