చలికి కొండ దిగే చిలుక

అందరికీ నమస్కారం. చిలుక అనగానే మనకు జామతోట, జొన్నచేను, గుడి గోపురం గుర్తొస్తాయి. ఈ రోజు చెప్పబోయే చిలుక హిమాలయాల్లో ఉంటుంది. పేరు స్లేటీ హెడెడ్ పారకీట్. పాకిస్తాన్ ఉత్తరాన ఉన్న కొండల నుంచి కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్, నేపాల్ మీదుగా భూటాన్ వైపు దాకా దీని ఇలాకా. మన తెలుగు రాష్ట్రాల్లో ఇది లేదు. కానీ దీని దగ్గరి చుట్టం ఒకటి మన అడవుల్లోనే ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు దీన్ని ఎలా గుర్తుపట్టాలో చూద్దాం. తల మొత్తం బడి పలక రంగులో ఉంటుంది. గడ్డం కింద నల్లటి పట్టీ. పై ముక్కు ఎర్రగా ఉండి కొస పసుపు తేలుతుంది. పొడవు 40 సెంటీమీటర్లు ఉంటుంది కానీ అందులో చాలా భాగం తోకే. ఆ తోక కొస కూడా మంచి పసుపు రంగే. మగదానికి రెక్క మీద, భుజం దగ్గర ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు. పిల్లలకు మొదట్లో ఈ పలక రంగు రాదు, తల పచ్చగానే ఉంటుంది.

నాకు దీనిలో బాగా నచ్చేది దీని ప్రయాణం. ఎండాకాలంలో 2,400 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. చలి ముదిరేసరికి గుంపులు గుంపులుగా కిందికి, 500 మీటర్ల ఎత్తులో ఉండే లోయల దాకా దిగుతుంది. దేశాలు దాటి పోవాల్సిన పని లేదు. కొండ పైకీ కిందికీ వెళ్తే చాలు, వాతావరణం మారిపోతుంది, తిండి మారిపోతుంది. వసంతంలో అక్కడి బురాంశ్ చెట్ల ఎర్రటి పూలు విచ్చుకుంటే వాటి తేనె తాగుతుంది. తర్వాత అడవి పండ్లు, పైన్ గింజలు, ఓక్ కాయలు. కాయను ఒక కాలితో పట్టుకుని, ముక్కుతో తిప్పుకుంటూ పెంకు ఒలిచేస్తుంది. ఆపిల్, అక్రోట్ తోటల మీద కూడా పడుతుంది. ఏడాదంతా కష్టపడి పెంచిన కాయల్లో సగం కొరికి కింద పడేస్తే రైతుకు కోపం రాకుండా ఉంటుందా? ఆ కోపం న్యాయమైనదే.

మార్చి నుంచి మే దాకా గుడ్లు పెట్టే కాలం. నాలుగైదు గుడ్లు పెడుతుంది. ఇక్కడే అసలు ఇబ్బంది. చిలుకకు ఎంత గట్టి ముక్కున్నా, పచ్చి మాను తొలిచి కొత్త తొర్ర చేసుకోలేదు. ఉన్న తొర్రను కాస్త వెడల్పు చేసుకోగలదు, అంతే. కాబట్టి వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రో, ముసలి చెట్టుకు దానంతటదే పడిన తొర్రో దొరకాలి. ఆ ఎత్తులో అలాంటి ముసలి చెట్టంటే చాలా చోట్ల బాంజ్, అంటే అక్కడి ఓక్ చెట్టు.

బ్రిటిష్ వాళ్ల కాలంలో జిగురు కోసం, రైలు పట్టాల కింద వేసే దిమ్మెల కోసం చిర్ పైన్ చెట్లను పెంచారు. బాంజ్‌ను బొగ్గుకీ వంటచెరకుకీ కొట్టారు. ఇప్పటికీ పశువుల మేతకు బాంజ్ కొమ్మలే నరుకుతారు. ఆ కొండల్లో ఆడవాళ్లు మేతమోపు కోసం ఎంత దూరం నడుస్తారో తెలిస్తే వాళ్లను ఒక్క మాట అనలేం. కానీ ఎండిపోయిన చెట్టు, తొర్ర పడిన చెట్టు ఎందుకూ పనికిరావని ముందుగా కొట్టేయడం మాత్రం నన్ను బాధపెడుతుంది. కొత్తగా నాటిన మొక్కకు చిలుక దూరేంత తొర్ర పడాలంటే ఎన్నో దశాబ్దాలు కావాలి. ఈ చిలుక ఇప్పుడు అంతరించే జాబితాలో లేదు. అందుకే దీని చెట్ల గురించి ఇప్పుడే మాట్లాడాలంటాను.

ఇంకో దెబ్బ పంజరాల నుంచి. తొర్రలోంచి పిల్లల్ని తీసి అమ్ముతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు అడవి చిలుకలన్నింటికీ వర్తిస్తుంది. పట్టడం, అమ్మడమే కాదు, ఇంట్లో పెంచుకోవడమూ నేరమే. ప్రేమగా చూసుకుంటున్నాం అన్నా చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

ఇప్పుడు మన చుట్టం సంగతి. నల్లమలలో, శేషాచలంలో కనిపించే ప్లమ్ హెడెడ్ పారకీట్, అదే మగదాని తల గులాబీ ఎరుపులో మెరిసే చిన్న చిలుక, దీనికి బాగా దగ్గరిదని డీఎన్‌ఏ పరిశోధనల్లో తేలింది. చాలామంది శాస్త్రవేత్తలు ఇప్పుడు రెంటినీ ఒకే ప్రజాతిలో పెడుతున్నారు. చిక్కేమిటంటే, ప్లమ్ హెడెడ్ ఆడదాని తల కూడా బూడిద రంగే. చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవికి వెళ్తే రెండూ కనిపిస్తాయి, ఎవరైనా పొరబడతారు. అప్పుడు తల చూడకండి, ముక్కూ తోకా చూడండి. ముక్కు ఎర్రగా, తోక కొస పసుపుగా ఉంటే పైనుంచి దిగి వచ్చిన స్లేటీ హెడెడ్. ముక్కు పసుపుగా, తోక కొస తెల్లగా ఉంటే అది మన నల్లమల చిలుక జాతిదే.

మే, జూన్‌లలో కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్లే వాళ్లు చాలామంది ఉంటారు కదా, దారిలో ఓక్ అడవులున్న చోట బండి ఆగితే ఒకసారి ముసలి చెట్ల తొర్రల వైపు చూడండి. దూరం నుంచే చూడండి, తొర్ర దగ్గరికి పోవద్దు. లోపల పిల్లలుంటాయి, మనం నిలబడినంతసేపూ తల్లి మేతతో బయటే ఆగిపోతుంది.