గూటికి కాపలా కాసిన ఊరు: ‘టానీ పిపిట్’ (1944) రివ్యూ

నమస్కారమండీ. ఈ సినిమా కథ ఒక్క ముక్కలో చెబుతాను, నవ్వకండి. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. తిండికి రేషన్, రాత్రిపూట దీపాలకు ఆంక్షలు. అటువంటి రోజుల్లో ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరు తన పనులన్నీ పక్కన పెట్టి ఒక పిట్ట గూటికి కాపలా కాస్తుంది. అంతే కథ. సినిమా పేరు ‘టానీ పిపిట్’. 1944లో వచ్చిన బ్రిటిష్ సినిమా, నలుపు తెలుపు, నిడివి గంటా ఇరవై నిమిషాలు.

ముందు పిట్ట సంగతి. టానీ పిపిట్ చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. మన బీళ్లలో తోక ఆడించుకుంటూ నేల మీదే పరుగులు తీసే మట్టిరంగు పిట్టలు ఉంటాయి చూడండి, వాటికి చుట్టం. చలికాలంలో వాయవ్య భారతానికి కూడా వస్తుంది. యూరప్ ప్రధాన భూభాగంలో చాలాచోట్ల గూడు కడుతుంది. ఇంగ్లండ్‌కు మాత్రం ఎప్పుడో దారి తప్పి వచ్చే అతిథి. కాబట్టి ఈ జాతి మొత్తం అంతరించిపోతోందేమో అనుకుంటూ సినిమా చూడకండి. ఆ గడ్డ మీద అది గూడు కట్టడమే వింత. ఆ కట్టడం కూడా చెట్టు మీద కాదు, నేల మీద, గడ్డిలో, ఏ ఆవు కాలు పడినా నలిగిపోయే చోట.

గాయపడి కోలుకుంటున్న యుద్ధవిమాన పైలట్ జిమ్మీ, అతడి వెంట ఉన్న నర్సు హేజల్, నడుస్తూ నడుస్తూ ఆ గూడును చూస్తారు. జిమ్మీగా నియాల్ మగినిస్, హేజల్‌గా రోజమండ్ జాన్. ఊళ్లోకి వెళ్లి సంగతి చెబుతారు. ఇక ఊరంతా ఒక్కటవుతుంది. ఊరి పెద్ద అయిన ముసలి కల్నల్ పాత్ర వేసింది బెర్నార్డ్ మైల్స్, చార్ల్స్ సాండర్స్‌తో కలిసి సినిమా రాసి తీసింది కూడా ఆయనే. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఆ మీసం వెనక కుర్రవాడు ఉన్నాడని నేను సినిమా పూర్తయ్యాక చదివితే గాని తెలియలేదు.

గూటికి వచ్చే ఆపదలు మూడు. యుద్ధకాలంలో తిండి గింజల కోసం పచ్చిక భూములు దున్నాలని ప్రభుత్వం పట్టుబట్టింది, ఆ పొలానికీ ఆ గండం ఉంది. రెండోది, సైన్యం కసరత్తులు చేస్తూ ట్యాంకులను అటువైపు తోలుకొస్తుంది. మూడోది గుడ్ల దొంగలు.

మొదటి రెండింటినీ సినిమా ఎంత బాగా తీసిందో చెప్పాలి. అటువైపున్న వాళ్లు దుర్మార్గులు కారు. దున్నమనే అధికారి దేశానికి అన్నం పెట్టాలని చూస్తున్నాడు. ట్యాంకు నడిపే కుర్రవాడు రేపు యుద్ధానికి పోవలసినవాడు. అటువంటి వాళ్లను నిలబెట్టి ‘బాబూ, ఇక్కడ పిట్ట గూడుంది’ అని చెప్పడానికి ఎంత మొండితనం కావాలి! ఈ కాపలా కాసేవాళ్లు కాస్త వెర్రివాళ్లలా కనిపించినా సినిమా దాచదు. వాళ్లను చూసి నవ్విస్తుంది, ఆ నవ్వులోనే గౌరవం పెంచుతుంది. కల్నల్ గారి ఉపన్యాసంలో పిట్టలు పరదేశం నుంచి వచ్చిన అతిథులవుతాయి, వాటికి నీడనివ్వడం ఇంగ్లండ్ మర్యాద అవుతుంది. ప్రచారమా అంటే ప్రచారమే. యుద్ధకాలపు సినిమా మరి. సోవియట్ సైన్యంలో తుపాకీ గురికి పేరు మోసిన యువతి ఒకరు ఆ ఊరికి వస్తారు, జనం కమ్యూనిస్టుల ‘ఇంటర్నేషనల్’ గీతం పాడి స్వాగతం చెబుతారు. 1942లో నిజంగానే బ్రిటన్‌లో పర్యటించిన సోవియట్ స్నైపర్ లుద్మీలా పావ్లిచెంకో గుర్తుకు వస్తుంది. చర్చీలు, కల్నళ్లు ఉన్న ఊళ్లో ఆ పాట వినడం భలే తమాషాగా ఉంది, అయితే పిట్ట కథకు దానితో అతుకు సరిగా పడలేదు.

ఇంకొక ముచ్చట. తెర మీద మనకు కనిపించేవి టానీ పిపిట్లు కావు. అవి గూళ్లు కట్టే దేశాలు అప్పుడు జర్మన్ల చేతిలో ఉన్నాయి, వెళ్లి చిత్రీకరించే వీలు లేదు. అందుకని ఇంగ్లండ్‌లోనే దొరికే మెడో పిపిట్లతో పని కానిచ్చారు. పక్షులు తెలిసినవాళ్లు చూస్తే వెంటనే పట్టేస్తారు. నాకు అదేమీ అడ్డు రాలేదు.

అడ్డు వచ్చింది గుడ్ల దొంగలు. సినిమాలో వాళ్లు బయటినుంచి వస్తారు, చూడగానే దొంగలని తెలిసిపోతుంది, పట్టుకోవడమూ తేలికే. ట్యాంకు కుర్రవాడికి ఇచ్చిన మనసు వాళ్లకు ఇవ్వలేదు. నా ఫిర్యాదంతా ఇక్కడే. ఎందుకంటే బ్రిటన్‌లో గుడ్ల దొంగ పరాయివాడు కాదు. గూడు ఎక్కడుందో, తల్లి ఏ గంటకు మేతకు వెళుతుందో, అందరికంటే బాగా తెలిసినవాడు. గుడ్డు పక్కకు సన్నటి రంధ్రం తొలిచి, లోపలి సొన ఊదేసి, దూది పరిచిన సొరుగులో పేర్చి, పక్కన తేదీ, ఊరు, పిట్ట పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాడు. తినడానికి కాదు. ఉంచుకోవడానికి. ఈ సినిమా వచ్చేనాటికి అది చాలావరకు నేరం కూడా కాదు, బడిపిల్లల సరదా. 1954లో చట్టం వచ్చాకే చాలా పిట్టల గుడ్లు తీయడం నేరమైంది. జైలు శిక్ష అన్నది 2000 నాటి చట్టంతో వచ్చింది. చట్టం దొంగ అనడానికి పదేళ్ల ముందే ఈ సినిమా దొంగ అనేసింది. ఆ ధైర్యానికి మార్కులు వేస్తాను.

నిజంగా జరిగింది సినిమాకంటే బిగువుగా ఉంటుంది. స్కాట్లండ్‌లో లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర, దేశంలో గూళ్లు కట్టడం మానేసిన ఆస్ప్రే, అంటే చేపలు పట్టే డేగ, మళ్లీ గూడు కట్టింది. పక్షి సంరక్షణ సంఘం మనుషులు రేయింబవళ్లు కాపలా పెట్టారు. 1958లో ఆ కాపలా మధ్యనే, చీకట్లో ఒకడు చెట్టెక్కి గుడ్లు పట్టుకుపోయాడు. గూట్లో ఏం పెట్టి పోయాడనుకున్నారు? బూటు పాలిష్ పూసిన కోడిగుడ్లు! మరుసటి ఏడాది పిల్లలు క్షేమంగా పెరిగాయి. అప్పుడు సంఘం చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. గూడు ఎక్కడుందో దాచిపెట్టడం మాని, దూరం నుంచి చూసుకోండని జనాన్నే పిలిచింది. ఆ ఒక్క ఏడాది 14,000 మంది వచ్చారు. ఊరంతా చూస్తున్న గూడు జోలికి దొంగ వెళ్లడం కష్టం. ఈ సినిమాలో పల్లెవాళ్లు చేసిందీ అదే కదా.

మన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. కడప జిల్లా లంకమల కలివికోడి తెలుసు కదా. 1900 తర్వాత కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో మళ్లీ దొరికింది. దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 2013లో తేలిందేమిటంటే, స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక కలివికోడి గుడ్డు ఉందట. 1917లో కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించింది. డీఎన్ఏ పరీక్ష చేసి నిర్ధారించారు. అంటే పిట్ట పోయిందని అందరూ అనుకుంటున్న కాలంలోనే దాని గుడ్డు ఒక పెట్టెలో ఉంది! ఈ విషయం చదివిన రోజు నాకు కోపం రావాలో, ఆ పెద్దమనిషికి దండం పెట్టాలో తెలియలేదు. ఆ గుడ్డు గూట్లోనే ఉంటే ఒక పిల్ల అయ్యేదేమో. తీయకపోతే ఆ గుడ్డు రూపు ఈనాటికీ మనకు తెలిసేది కాదు. ఇటువంటి చిక్కు ఉన్న దొంగను ఒక్కడినైనా ‘టానీ పిపిట్’ తెర మీద పెట్టి ఉంటే, కల్నల్ గారికి ఎదురుగా నిలబడగలిగిన మనిషి ఒకడుండేవాడు.

ఊరు మాత్రం కన్నుల పండువ. గ్లోస్టర్‌షైర్‌లోని లోయర్ స్లాటర్ అనే పల్లెలో తీశారు. చిన్న ఏరు, రాతి ఇళ్లు, వంపు తిరిగిన దారులు. తేలినీలాపురంలోనో, వీరాపురంలోనో కొంగలు, గూడబాతులు దిగే చెట్ల కింద కూర్చున్నవాళ్లకు ఆ ఊరి జనం ఎక్కడో చూసిన మనుషుల్లాగే ఉంటారు.

చూడమంటానా? చూడమనే అంటాను. మొదటి పావుగంట నెమ్మదిగా నడుస్తుంది. పల్లె ఇంగ్లిష్ యాస నాకు సగం అర్థం కాలేదు, సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. పిల్లలతో చూడవచ్చు. మా అమ్మాయికి పదేళ్లు. ట్యాంకులు వచ్చే సన్నివేశంలో నా చెయ్యి పట్టుకుని, ‘నాన్నా, పిల్లలు బయటికి వస్తాయా, రావా, ముందే చెప్పు’ అని సతాయించింది. దానికీ చెప్పలేదు, మీకూ చెప్పను.