పెదవి మీది చుక్కలు

శ్రోతలకు నమస్కారం. పుట్టుమచ్చ చూసి జాతకం చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నారు. ఈ పూట నేనూ మచ్చల గురించే మాట్లాడతాను, కాకపోతే ఇది పేగుల సంగతి.

1896లో లండన్‌లో జొనాథన్ హచిన్సన్ అనే డాక్టరు కవల అక్కచెల్లెళ్ల బొమ్మ ప్రచురించాడు. ఇద్దరి పెదవుల మీదా సిరా చిలకరించినట్టు నల్లటి చుక్కలు. ఆయన రాసింది మచ్చల గురించే. తర్వాత వాళ్లలో ఒకామె 20 ఏళ్లకే పేగు పేగులోకి దూరి చనిపోయింది. రెండో ఆమె 52వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయింది.

ఆ చుక్కలకూ పేగులో పెరిగే పాలిప్స్‌కూ ఉన్న లంకెను 1921లో నెదర్లాండ్స్ డాక్టరు ప్యూట్జ్ ఒక కుటుంబంలో గమనించాడు. 1949లో అమెరికాలో జెగర్స్, ఆయన సహచరులు మరికొందరిని చూపించారు. అలా ఈ జబ్బు పేరు ప్యూట్జ్-జెగర్స్ సిండ్రోమ్ అయింది. పేరు నోరు తిరగకపోతే పోనీండి, చుక్కలు గుర్తుంటే చాలు.

పాలిప్ అంటే పేగు గోడ నుంచి కాడతో వేలాడే కండ. పేగు దాన్ని కూడా అన్నం ముద్దే అనుకుని ముందుకు నెడుతుంది. కాడతో పాటు గోడా లాక్కుపోతుంది. మీ దగ్గర పాత ట్రాన్సిస్టర్ ఉంటే ఏరియల్‌ని లోపలికి నొక్కండి, గొట్టంలోకి గొట్టం దూరుతుంది కదా, అచ్చం అలాగే. పిల్లాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతాడు, కాసేపటికి లేచి ఆడుకుంటాడు. బడి ఎగ్గొట్టే నాటకం అని మనం కసురుకుంటాం. పాలిప్ నుంచి కొంచెం కొంచెంగా రక్తం కారి ఒళ్లు పాలిపోతే ఐరన్ మాత్రలు వేసి ఊరుకుంటాం.

దీనికి మూలం 19వ క్రోమోజోమ్ మీది ఎస్‌టీకే11 జన్యువు. 1998లో దొరికింది. కణాల పెరుగుదలకు అది బ్రేకు లాంటిది, ఆ బ్రేకు చెడితేనే ఈ జబ్బు. ఆ లోపం తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. కొందరిలో వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తుంది. కాబట్టి ఎవరి వైపు నుంచి వచ్చిందని అత్తారింట్లో పంచాయితీ పెట్టకండి.

పేగు, కడుపు, క్లోమం, రొమ్ము క్యాన్సర్ల ముప్పు వీళ్లకు ఎక్కువ. అందుకే నొప్పి లేకపోయినా ఎనిమిదేళ్ల వయసుకే గొట్టం వేసి లోపల చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ మొదలుపెట్టమంటారు. పాలిప్స్ కనిపిస్తే రెండు మూడేళ్లకోసారి చూసి, పెద్దవాటిని గొట్టం ద్వారానే తీసేస్తారు. చిన్నపేగును మాత్రలా మింగే క్యాప్సూల్ కెమెరాతో చూస్తారు. ఆడవాళ్లకు ముప్పై దాటేసరికి రొమ్ము పరీక్షలూ ఉండాలి.

పెదవి మీద ఒక్క మచ్చ ఉన్నవాళ్లు టెన్షన్ పడొద్దు. ఈ జబ్బు చుక్కలు గుంపుగా, చిన్నప్పుడే వస్తాయి. యుక్తవయసు దాటాక పెదవి మీద వెలిసిపోతాయి కూడా. పెద్దవాళ్లలో వెతకాలంటే టార్చి వేసి బుగ్గ లోపల చూడాలి. లిప్‌స్టిక్ అక్కడిదాకా వెళ్లదు.