చైనా అమ్మాయి చీటింగ్ చేసిందా? జ్యోతి యర్రాజీ పతకం వెనక ఉన్న రూల్

(దృశ్యం: పొద్దున్న ఆరు గంటలు. విశాఖ, ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్. పిల్లలు హర్డిల్స్ సర్దుతున్నారు.)

నమస్తే అండీ. మొన్న ఇక్కడే ఎనిమిదో తరగతి పాప ఒకతె అడిగింది: "సార్, ఏషియన్ గేమ్స్‌లో జ్యోతి అక్కతో పరిగెత్తిన చైనా అమ్మాయి చీటింగ్ చేసింది కదా?" లేదమ్మా అన్నాను. పాప నమ్మలేదు. వాళ్లింట్లో అందరూ చీటింగే అన్నారట. అందుకే ఈ వీడియో.

2023 అక్టోబర్ 1, చైనాలోని హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ బ్లాక్స్‌లో, అంటే పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించే దిమ్మెల్లో, కూర్చుంది. గన్ పేలకముందే చైనాకు చెందిన వూ యాన్నీ కదిలింది. ఆ కదలికకు జ్యోతి కూడా లేచిపోయింది. ఇద్దరికీ రెడ్ కార్డ్ చూపించారు, అంటే రేసు నుంచి బయటికి వెళ్లమని.

(స్క్రీన్ మీద: 0.100 సెకను)

బ్లాక్స్‌లో సెన్సర్లుంటాయి. గన్ మోగాక 0.100 సెకను కూడా గడవకముందే కాలు తోస్తే ఫాల్స్ స్టార్ట్ కిందే లెక్క. చెవిన పడిన శబ్దానికి కాలు స్పందించడానికి కనీసం ఆ పాటి సమయం పడుతుందని అంచనా. 2010 నుంచి రెండో అవకాశం లేదు, ఒక్కసారి తప్పితే బయటికే. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అమెరికా హర్డిలర్ డెవాన్ ఆలెన్‌ని 0.099కి కదిలాడని పంపించేశారు. సెకనులో వెయ్యో వంతు తేడా! దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. వూ విషయంలోనూ అంతే. ఆమె తొందరపడింది, రూల్ ప్రకారం మూల్యం చెల్లించింది.

మరి జ్యోతి? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. ఒకరు ముందు కదిలితే మిగతావాళ్లు కూడా లేచిపోవడం సహజమని రూల్ పుస్తకమే ఒప్పుకుంటుంది. అందుకని దానికి కారణమైనవాళ్లనే శిక్షించమని స్టార్టర్‌కి చెబుతుంది. జ్యోతి తల దించుకుని వెళ్లిపోలేదు. ట్రాక్ మీదే నిలబడి అధికారులతో వాదించింది. రీప్లే చూశారు. చివరికి ఇద్దరినీ 'ప్రొటెస్ట్ కింద' పరిగెత్తనిచ్చారు. అంటే ముందు రేసు కానిద్దాం, తీర్పు తర్వాత చెబుదాం అని. చైనాకే చెందిన లిన్ యువెయ్ 12.74 సెకన్లతో గెలిచింది. వూ 12.77, జ్యోతి 12.91. తర్వాత వూని డిస్‌క్వాలిఫై చేశారు (ఆమె ఫలితం రద్దు చేశారు), జ్యోతి కాంస్యం రజతమైంది.

ఆ గొడవలో, ఆ కంగారులో, మళ్లీ బ్లాక్స్‌లో కూర్చుని పది హర్డిల్స్ దాటడం ఎంత కష్టమో పరిగెత్తినవాళ్లకే తెలుస్తుంది. నాకు ఆ రజతం కన్నా ఆ నిలకడే గొప్పగా అనిపిస్తుంది.

(దృశ్యం: బీచ్ రోడ్డు, గాలికి ఊగుతున్న కొబ్బరి చెట్లు.)

ఇప్పుడు అదే అమ్మాయికి జరిగిన ఇంకో సంగతి. ఇందులో ఎవరూ ముందు కదలలేదు, ఎవరూ మోసం చేయలేదు. అయినా పరుగు లెక్కలోకి రాలేదు. 2020లో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. కానీ అక్కడ డోప్ టెస్ట్ (నిషేధించిన మందుల పరీక్ష) చేయలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధీ లేరు. రికార్డుగా ఒప్పుకోలేదు. 2022లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి 2.0 వరకే. అదీ పోయింది! మధ్యాహ్నం దాటాక మన బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు, గాలి ఎంత పని చేస్తుందో. ఆఖరికి అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేరున రాశారు. లెక్కలోకి రాని ఆ రెండు పరుగుల కన్నా అది నెమ్మదైనదే.

గాలి రూల్ న్యాయమైనదే అంటాను. డోప్ టెస్ట్ లేకపోవడం మాత్రం పరిగెత్తిన పిల్ల తప్పు కాదు కదండీ. మీట్ నడిపేవాళ్ల బాధ్యత అది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

డోపింగ్ సంగతి వేరు. ఒంట్లో నిషేధించిన మందు దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది అథ్లెటే. ఎవరో ఇచ్చిన పౌడర్ తాగాను అంటే కుదరదు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో, ఆడా మగా కలిసి పరిగెత్తే మిక్స్‌డ్ రిలేలో బహ్రెయిన్ స్వర్ణం ఆ జట్టులోని కెమీ అడెకోయా డోపింగ్‌లో దొరకడంతో పోయింది. 2020లో మన జట్టు రజతం స్వర్ణమైంది. పూవమ్మ, హిమా దాస్, అనస్, ఆరోకియా రాజీవ్ ఆ రోజు పోడియం పైమెట్టు మీద నిలబడలేదు. ఆ క్షణాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇక చీటింగ్ అన్న మాట అందరికన్నా అన్యాయంగా తగిలింది ఎవరికో చెప్తాను. తమిళనాడు రన్నర్ శాంతి సౌందరరాజన్. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో ఆమె గెలిచిన 800 మీటర్ల రజతాన్ని లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. మన పక్క రాష్ట్రం ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ని 2014లో కామన్వెల్త్ క్రీడల ముందు పక్కన పెట్టారు, హార్మోన్ స్థాయి ఎక్కువని. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015లో ఆ హార్మోన్ రూల్‌ని నిలిపేశారు. ఆ తర్వాత రూల్స్ మళ్లీ మళ్లీ మారాయి. 2025 సెప్టెంబర్ 1 నుంచి ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళల విభాగంలో పరిగెత్తాలంటే ఒకసారి జన్యు పరీక్ష చేయించుకోవాలి. ఏ గీత ఎక్కడ గీయాలన్నది శాస్త్రజ్ఞులు వాదించుకోవచ్చు. కానీ పుట్టుకతో వచ్చిన శరీరంతో పరిగెత్తడం మోసం ఎలా అవుతుంది?

(దృశ్యం: మళ్లీ గ్రౌండ్. పిల్లలు బ్లాక్స్ దగ్గర.)

ఇదిగో, ఇప్పుడు మా దగ్గర ఒక ప్రాక్టీస్ పెట్టాం. ఒక పిల్లని కావాలనే గన్ కన్నా ముందు కదలమంటాం. మిగతావాళ్లు కదలకుండా ఉండాలి. ఎవరైనా లేచిపోతే రెడ్ కార్డ్ చూపిస్తాం. అప్పుడు ఏడవకూడదు, ట్రాక్ వదిలి వెళ్లకూడదు. చెయ్యెత్తి "ప్రొటెస్ట్ సార్" అనాలి. ఫలితం ప్రకటించాకైతే 30 నిమిషాల్లోపు చెప్పుకోవాలి, ఆ గడువు కూడా నేర్పిస్తున్నాం.

మొదటి రోజు ఆ ఎనిమిదో తరగతి పాపే లేచిపోయింది. గొంతు వణికింది గానీ, చెయ్యి మాత్రం ఎత్తింది.