వరుసగా ఆరు పేజీలు: కామిక్స్ రంగంలోకి రాదలచిన చిత్రకారులతో

సభకు నమస్కారం.

చిత్రకళ చదువుతున్న విద్యార్థులు, చదువు ముగించి దారి వెతుక్కుంటున్న యువ చిత్రకారులు ఈ సభలో ఎక్కువగా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కామిక్స్‌లో అవకాశం ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని కలవాలి, ఏం చూపించాలి అని మీలాంటివారు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఈ మూడింటిలో చివరి ప్రశ్న మీదే ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడతాను. చూపించవలసినది చేతిలో ఉన్నవారికి కలవవలసినవారు ఏదో ఒక దారిలో తారసపడతారు; అది లేనివారు ఎంత పెద్ద సంపాదకుణ్ణి కలిసినా ఆ భేటీ మర్యాద మాటలతోనే ముగిసిపోతుంది.

కామిక్స్ పేజీలను దిద్దే పనిలో ఉన్నందువల్ల కొత్తవారి పోర్ట్‌ఫోలియోలు, అంటే తమ పనితనం చూపించడానికి ఎంచి పెట్టుకున్న బొమ్మల సంపుటాలు, చూసే అవకాశం నాకు చాలాసార్లు కలిగింది. వాటిలో సాధారణంగా మేడ చివర నిలబడిన కథానాయకుడు, ఒక సినిమా నటుడి పోలిక, ఒక దేవతా మూర్తి, విదేశీ కామిక్స్‌లోని ప్రసిద్ధ పాత్రకు ఒక అనుకరణ ఉంటాయి. దేనికదే చక్కని బొమ్మ. కాని సంపాదకుడి మనసులో ఉన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. ఒకే అమ్మాయిని నలభై గడులలో, అంటే పేజీలో ఒక్కో బొమ్మకు గీసే చట్రాలలో, కోపంగా, ఏడుస్తూ, పరుగెడుతూ, వెనకనుంచి, పైనుంచి గీసినా ఆమె అదే అమ్మాయిలా ఉంటుందా? మాటలు తీసేసి చూసినా ఎవరు ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో పాఠకుడికి తెలుస్తుందా? మొదటి పేజీలో ఉన్న శ్రద్ధ ఆరో పేజీలో కూడా ఉంటుందా? వీటికి జవాబు చెప్పగలిగినవి వరుసగా వచ్చే అయిదారు పేజీలే. అందుకే మీ దగ్గర ముప్పై విడి బొమ్మలున్నా, ఒకే కథలోని ఆరు పేజీలు లేకపోతే మీరు ఇంకా కామిక్స్ పోర్ట్‌ఫోలియో తయారు చేసుకోలేదనే నేను భావిస్తాను.

కథ రాసేవారు లేరు కదా అని ఆగనక్కరలేదు. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. గురజాడ అప్పారావు 1915లో మరణించారు. 1910లో వచ్చిన ఆయన ‘దిద్దుబాటు’ కథను ఎవరి అనుమతీ అడగకుండా మీరు బొమ్మల్లోకి తెచ్చుకోవచ్చు. నడిరాత్రి ఇంటికి వచ్చిన భర్త, భార్య కనిపించని ఇల్లు, ఒక ఉత్తరం, ఒక నౌకరు: దాదాపుగా ఒక గదిలో జరిగే కథ. యుద్ధాలూ పేలుళ్లూ లేని ఇటువంటి కథను ఆరు పేజీల్లో విసుగు లేకుండా నడపగలిగిన చిత్రకారుడికి ఏ సంపాదకుడైనా రెండో కథ ఇస్తాడు.

ఒక పేజీని ఎలా ఆలోచించాలో ఒక ఉదాహరణతో చెబుతాను. పన్నెండేళ్ల అమ్మాయి పల్లెవెలుగు బస్సు దిగుతుంది. బస్సు కదిలాక, తమ్ముడి మందుల సంచి సీటు మీదే ఉండిపోయిందని ఆమెకు తెలుస్తుంది. దీన్ని అయిదు గడుల్లో చెప్పాలి. కొత్తవారిలో చాలామంది మొదటి గడిలోనే ఆ అమ్మాయి ముఖాన్ని పెద్దగా గీస్తారు. అది ఊరో పట్నమో, ఆమె ఎక్కుతున్నదో దిగుతున్నదో తెలియదు. చివరి గడిలో ఆమె చేత "అయ్యో, మందులు బస్సులో మర్చిపోయాను" అనిపిస్తారు. బొమ్మ చేయవలసిన పనిని మాటకు అప్పగించారన్నమాట.

మొదటి గడి పేజీ వెడల్పునా ఉండాలి. నాలుగు దారుల కూడలి, ఒక టీ దుకాణం, కుడివైపు ముఖం పెట్టి ఆగిన బస్సు, మెట్టు మీద అమ్మాయి, ఆమె వెనక కిటికీలోంచి చిన్నగా కనిపించే సంచి. రెండో గడిలో నేల మీద ఆమె పాదాలు, పక్కన కదులుతున్న బస్సు చక్రం. మూడో గడిలో టీ దుకాణం వాడు "తమ్ముడికి ఎలా ఉందమ్మా?" అని అడుగుతాడు. నాలుగోది చిన్న గడి. అందులో ఖాళీగా తెరుచుకున్న ఆమె అరచేయి తప్ప మరేమీ ఉండకూడదు. అయిదో గడిలో బస్సు కుడి అంచు దాటిపోతుంటుంది, దుమ్ములో ఆమె చిన్నదై పరుగెడుతుంటుంది. మనం ఎడమనుంచి కుడికి చదువుతాం గనుక కుడివైపు పోయే బస్సు పాఠకుడి చూపును కూడా తరువాతి పేజీకి లాక్కుపోతుంది. అదే బస్సును ఒక్క గడిలో పొరపాటున ఎడమవైపు తిప్పి గీస్తే, బస్సు వెనక్కి వచ్చిందని పాఠకుడు అనుకుంటాడు. సంచిని మొదటి గడిలో చూపించకపోతే నాలుగో గడిలోని ఖాళీ చేతికి అర్థమే లేదు. ఈ నిర్ణయాలన్నీ అగ్గిపెట్టెంత సైజులో వేసుకునే థంబ్‌నెయిల్ దశలోనే జరగాలి. ఆ చిత్తు కాగితాలను పారేయకండి. పూర్తయిన పేజీల వెనక వాటినీ జతచేసి చూపిస్తే మీ ఆలోచన ఎలా నడిచిందో సంపాదకుడికి కనిపిస్తుంది.

ఇక్కడే స్థలం గురించి ఒక మాట చెప్పాలి. కండలూ అంగవస్త్రాలూ అద్భుతంగా గీసే మన పిల్లలు వంటగది గీయమంటే తడబడతారు. కథ వరంగల్లులో జరుగుతుంటే వీధి మాత్రం ఏదో అమెరికా పట్నంలా ఉంటుంది, ఎందుకంటే వారు చూసి నేర్చుకున్న పుస్తకాల్లో అదే వీధి ఉంది. బస్టాండుకు వెళ్లి కూర్చుని గీయండి. గ్రైండరు, నీళ్ల ట్యాంకు, కరెంటు స్తంభానికి వేలాడే తీగలు, చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కే మనిషి నడుము వంపు, ఇవన్నీ చూసి గీస్తేనే వస్తాయి. చేతులూ కాళ్లూ గడి అంచు వెనకా జేబుల్లోనూ దాచేసేవారిని సంపాదకులు వెంటనే పట్టేస్తారు.

తెలుగులో కామిక్స్ గీసేవారు అదనంగా ఆలోచించవలసిన విషయం అక్షరాలు. మన లిపిలో గుడులు పైకీ, వత్తులు కిందికీ పోతాయి. అందువల్ల వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ జాగా కావాలి. పదాలు కూడా పొడుగు. "వెళ్ళిపోతున్నారనుకున్నాను" అన్న ఒక్క మాట, పాత్రల మాటలు రాసే ఒక సన్నని బెలూన్ వెడల్పునంతా తినేస్తుంది. ఇంగ్లిషు మాటల కొలతకు గీసిన బెలూన్లలో తెలుగు అనువాదాన్ని ఇరికించిన పేజీలు చదివి కళ్లు నొప్పి పుట్టనివారు ఉండరు. కాబట్టి పెన్సిలు పట్టుకోకముందే మాటలను గడిలో రాసి చూసుకోండి, పైభాగంలో చోటు వదలండి, ముందుగా మాట్లాడే పాత్రను ఎడమవైపు నిలబెట్టండి. ఈ చివరి సూత్రాన్ని మరచిపోతే మాట్లాడేవారి వైపు చూపే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి.

పని వేగం గురించి కూడా ముందే తెలుసుకోవడం మంచిది. అమెరికాలో నెలనెలా వెలువడే ఒక కామిక్‌లో సాధారణంగా 20 నుంచి 22 పేజీల కథ ఉంటుంది. 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు ఉన్న అట్టల మీద గీసి, అచ్చులో తగ్గిస్తారు. ఒకరు పెన్సిలు, ఒకరు ఇంకు, ఒకరు రంగులు, ఒకరు అక్షరాలు చేసే పద్ధతి అక్కడ స్థిరపడడానికి ప్రధాన కారణం ఈ గడువే. ఆదివారాలు తీసేస్తే పెన్సిలు చేసేవారు దాదాపు రోజుకో పేజీ ముగించాలి. మీకు పూర్తి పేజీ చేయడానికి ఎంతకాలం పడుతుందో మీకు తెలియకపోతే, సంపాదకుడు అడిగినప్పుడు ఉత్సాహంలో ఏదో ఒక గడువు చెప్పేస్తారు. ఈ పని విభజన కొత్తవారికి మేలు కూడా చేస్తుంది: రంగుల మీద మంచి పట్టు ఉన్నవారు కలరిస్టుగానో, అక్షరాల అందం తెలిసినవారు లెటరర్‌గానో ముందుగా లోపలికి రావచ్చు. తెలుగు లెటరింగ్‌ను కళగా నేర్చుకున్నవారు ఎంత తక్కువమంది ఉన్నారో చూస్తే, ఆ దారిని మన యువకులు ఎందుకు పట్టించుకోవడం లేదా అని నాకు బాధ కలుగుతుంది.

మనకు ఈ విద్యలో పూర్వీకులు లేకపోలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కుమారుడు బుజ్జాయి గారు తెలుగు పిల్లలకు ‘డుంబు’ బొమ్మల కథలను ఇచ్చారు, 1960లలో ఆయన పంచతంత్రం బొమ్మల కథలు ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా అనే ఇంగ్లిషు వారపత్రిక ద్వారా దేశమంతటా పాఠకులను చేరాయి. 1947 జులైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’లో శంకర్ గారు 1950లలో చేరి దాదాపు అరవై ఏళ్లు బొమ్మలు వేశారు. భుజాన శవంతో కత్తి పట్టి నడిచే విక్రమార్కుడు అనగానే మన కళ్లముందు నిలిచేది ఆయన గీతే. చందమామ బొమ్మలు కథకు తోడుగా వచ్చినవే గాని కామిక్స్ కావు; అయినా ఒక సంఘటనలో గీయవలసిన క్షణం ఏదో తేల్చుకోవడం నేర్చుకోవాలంటే వాటికి మించిన పాఠ్యపుస్తకం నాకు తెలియదు. అనంత్ పై సంపాదకత్వంలో 1967లో ఆరంభమైన అమర్ చిత్ర కథ కామిక్స్ వరుసలో కృష్ణుణ్ణి గీసిన రామ్ వాయిర్‌కర్, ఆ తరువాత ‘టింకిల్’ పిల్లల పత్రికలో సుప్పండి అనే నౌకరు పాత్రను కూడా గీశారు. పురాణ పురుషుడి సౌష్ఠవాన్నీ, అమాయక నౌకరు ముఖాన్నీ ఒకే చేతితో నమ్మించగల ఆ విస్తృతిని గమనించండి. పోర్ట్‌ఫోలియోలో గంభీరమైన కథ పక్కన ఒక హాస్య కథను కూడా పెట్టమని నేను చెప్పేది అందుకే.

ఇక ఎవరిని కలవాలన్నది. ఢిల్లీలో 2011లో మొదలైన కామిక్ కాన్ అనే కామిక్స్ ఉత్సవం తరువాత హైదరాబాదుకూ వచ్చింది. అక్కడ ప్రచురణకర్తలు ఉంటారు, సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకాలతో బల్లల వెనక కూర్చునే చిత్రకారులూ ఉంటారు. మీరు మొదట మాట్లాడవలసింది ఆ రెండోవారితో. ఏ అచ్చాఫీసు ఎలా పని చేస్తుంది, ఎవరు డబ్బు సమయానికి ఇస్తారు అన్న సంగతులు వారినుంచి తెలిసినంత బాగా మరెక్కడా తెలియవు. ఫోనులో పైనుంచి కిందికి జరుపుతూ చదివే వెబ్‌టూన్ పద్ధతి కొరియా నుంచి వచ్చి స్థిరపడింది. ఆ పద్ధతిలో ఎవరి అనుమతీ లేకుండా కథ మొదలుపెట్టవచ్చు. అయితే పేజీ కోసం గీసినదాన్ని ముక్కలు చేసి పెడితే అది వెబ్‌టూన్ కాదు. గడికీ గడికీ మధ్య వదిలే ఖాళీయే అక్కడ కాలాన్ని కొలుస్తుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువగా నమ్మే దారి ఒక తోటి రచయితతో కలిసి ఎదగడం. ముంబయికి చెందిన చిత్రకారుడు ఆనంద్ ఆర్కే, రచయిత రామ్ వి కలిసి మొదట ముంబయి కుర్రవాళ్ల కథను ఒక గ్రాఫిక్ నవలగా, అంటే పుస్తకమంత నిడివి ఉన్న బొమ్మల కథగా చేశారు, అది 2018లో వచ్చింది. ఆ తరువాత ఇద్దరూ కలిసి చేసిన ‘బ్లూ ఇన్ గ్రీన్’ను అమెరికాలోని ఇమేజ్ కామిక్స్ ప్రచురించింది. దానికిగాను ఆనంద్ 2021లో, రంగులు వేసిన జాన్ పియర్‌సన్‌తో కలిసి ఐస్నర్ పురస్కారం పొందారు. కామిక్స్‌లో అంతకుమించిన గౌరవం అరుదు. మీ ఊళ్లోనే కథలు రాసే మీ వయసువారు ఉంటారు. వారితో నాలుగు పేజీల కథ ఒకటి పూర్తి చేయండి. నూరు పేజీల మహాకావ్యంతో మొదలుపెట్టి పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయిన పనిని ఎవరికీ చూపించలేరు.

కామిక్స్ ఒక్కదానితోనే ఇల్లు గడవడం మన దేశంలో ఇప్పటికీ కష్టమే, ముఖ్యంగా తెలుగులో. ఇది మీ తల్లిదండ్రులకు కూడా నిజాయితీగా చెప్పవలసిన మాట. అయితే గడుల్లో కథ నడపడం వచ్చినవారికి సినిమాలకూ ప్రకటనలకూ స్టోరీబోర్డు వేసే పని, అంటే తీయబోయే దృశ్యాలను ముందుగా బొమ్మల్లో గీసిపెట్టే పని, యానిమేషన్, గేమ్స్ సంస్థల్లో పని, పాఠ్యపుస్తకాల బొమ్మల పని దొరుకుతాయి, హైదరాబాదు ఇందుకు అనువైన నగరం. కామిక్స్‌కు అవసరమైన చేతినే ఇవీ సాధన చేయిస్తాయి గనుక వీటిని చిన్నచూపు చూడవద్దు.

చివరిగా, సంతకం పెట్టే కాగితం గురించి. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ 130 డాలర్లకు ఇచ్చేశారు. ఆ తరువాత దశాబ్దాలపాటు వారు న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం, సంస్థలో ఉద్యోగిగా ఉండి ఆ ఉద్యోగంలో భాగంగా గీసినదాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు సంస్థదే. బయట ఉండి పని చేసేవారు హక్కు బదిలీ చేయాలంటే అది రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికనీ చట్టం భావిస్తుంది. కాబట్టి కాలం, ప్రాంతం, ఏ రూపాల్లో వాడుకుంటారు, మళ్లీ అచ్చు వేస్తే ఎంత ఇస్తారు అన్న నాలుగు అంశాలను చదివి, అర్థం కాకపోతే అడిగి, ఆ తరువాతే సంతకం చేయండి. అడిగినంత మాత్రాన పని పోతుందని భయపడవద్దు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి సంస్థలు జవాబు చెబుతాయి. హక్కులు ఇచ్చివేసిన తరువాత కూడా ఈ పని నాది అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది. పుస్తకంలో మీ పేరు ఎక్కడ, ఏ అక్షరాలతో పడుతుందో ఒప్పందంలోనే రాయించుకోండి. రంగులు వేసినవారి పేరు, అక్షరాలు రాసినవారి పేరు కూడా అదే పేజీలో ఉండేలా చూడండి.

ఇంతసేపు శ్రద్ధగా విన్నందుకు కృతజ్ఞతలు. పేజీలు తెచ్చుకున్నవారు ముందుకు రండి, కూర్చుని చూద్దాం.